ఉడుతకి కుదిరిన పుస్తకం

సోమవారం పొద్దున కత్తిరించే బల్ల మీద గుడ్డకి చోటు లేదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా పుస్తకాలు, పేకముక్కల్లాంటి కార్డులు, రంగురంగుల స్టిక్కర్లు పరుచుకుని ఉన్నాయి. టైలరమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని, కత్తెర ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని గుడ్డ వంక చూసినట్టు వాటి వంక చూస్తోంది.

వీధిలో అందరికీ ఆమె టైలరమ్మ. ఇంటి ముందుగదే ఆమె కొట్టు. కిటికీ దగ్గర కుట్టుమిషను, గోడకి నిలువుటద్దం, మూలన పరదా కట్టిన ట్రయల్ గది, దాని పక్కన కర్రకాలు మీద నిలబెట్టిన తల లేని గుడ్డబొమ్మ. ఈ ఏడాది నుంచి ఆ గదే బడి కూడా. బడి మొత్తానికి విద్యార్థిని ఒక్కతే, ఆమె తొమ్మిదేళ్ల కూతురు ఉడుత. ఎక్కడా నిలవదు, ఏది దొరికినా పట్టుకుపోయి బల్ల కింద దాచుకుంటుంది, అందుకని వాళ్ల నాన్న పెట్టిన ముద్దుపేరు అది.

బల్ల మీద ఉన్నవి మూడు రకాలే అయినా చెయ్యాల్సిన పని మాత్రం ఒకటే. ఇంగ్లీషు మాటలని ఒక్కొక్కటిగా బట్టీ పట్టించకుండా, వాటి మూలాలు నేర్పడం. ‘టెలి’ అంటే దూరం అని ఒకసారి తెలిస్తే టెలిఫోను, టెలివిజను, టెలిస్కోపు ఒకే ఇంటి పిల్లలని తెలిసిపోతుంది. ఇంటి దగ్గర పిల్లలకి చదువు చెప్పుకునే తల్లులంతా కలిసి ఒక గ్రూపు పెట్టుకున్నారు. ఎవరికి ఏది కావాలో ఆదివారం సాయంత్రంలోగా చెబితే అందరికీ కలిపి ఒకేసారి తెప్పిస్తారు. తెప్పించాక వెనక్కి తీసుకోరు. చూసుకోవడానికి నమూనాలు ఇంటింటికీ తిరుగుతున్నాయి. ఈ వారం టైలరమ్మ వంతు.

వేరే పిల్లయితే ఏదో ఒకటి చెప్పేసి ఊరుకునేదే. కానీ ఉడుతకి పొడుగు మాటలంటే భయం.

పుట్టుకతో వచ్చిన భయం కాదది. ఉడుత పళ్లు తోముకుంటూ కూడా మాట్లాడే రకం. కిందటేడు బళ్లో చదివే పోటీలు పెట్టారు. టీచరు గడియారం పట్టుకుని నిలబడితే, నిమిషంలో ఎన్ని మాటలు చదివితే అన్ని మార్కులు. ఉడుత త్వరలోనే ఒక కిటుకు కనిపెట్టింది. పొడుగు మాట వస్తే గుటక వేసి దాటేస్తే సరి, వేగం తగ్గదు. మొదట గడియారం కోసం దాటింది. తర్వాత గడియారం లేకపోయినా దాటడం మొదలుపెట్టింది, రోడ్డు మీద నీటిగుంట కనబడితే గౌను ఎత్తిపట్టుకుని గెంతినట్టు. చివరికి ఏ పుస్తకం ఇచ్చినా ముందు పేజీలన్నీ తిరగేసి, పొడుగు మాటలు ఎక్కువ కనిపిస్తే మూసి అవతల పెట్టేసేది. అది చూశాకే టైలరమ్మ పిల్లని ఇంటి దగ్గర కూర్చోబెట్టుకుంది.

ఆ సంగతి ఒక మనిషికి ఇంకా మింగుడుపడలేదు. ఆ మనిషి ఆ పొద్దునే ఫోను చేసింది. టైలరమ్మ భర్తకి అక్క, వేరే బళ్లో టీచరు. ఉడుతకి టీచరత్త.

“పుస్తకాలొచ్చాయా?”

“వచ్చాయి వదినా. మూడు రకాలు.”

“మూడెందుకు? ఆ లావుపాటిది తీసుకో. మా బళ్లో ఉన్నదదే. పాఠం చివర పరీక్ష, వెనకాల జవాబులు. నీకు తలనొప్పి ఉండదు.”

“దానికి ఎలా ఉంటుందో చూడాలి కదా.”

“రోగిని రుచి అడిగి మందు రాస్తాడా డాక్టరు? సరేలే, ఆదివారం నా కోటు ట్రయల్‌కి ఎలాగూ వస్తున్నా, అప్పుడు మాట్లాడదాం. ఒకటి మాత్రం చెప్తున్నా విను. ఈ ఏడాది మీ మొగుడూ పెళ్లాల మాట విన్నాను. పొడుగు మాట కనిపిస్తే పారిపోయే పిల్ల అలాగే ఉంటే, మళ్లీ బళ్లు తెరిచేసరికి నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి కూర్చోబెడతా.”

“అలాగే వదినా.”

ఫోను పెట్టేశాక టైలరమ్మకి కోపం రాలేదు. ఆవిడ మాటల్లో నిజం ఉండటమే ఆమె బాధ. పొడుగు మాటలు ఎక్కడికీ పోవు. ఉడుతే వాటి దగ్గరికి వెళ్లాలి. ఈ మూడింట్లో పిల్లని అక్కడిదాకా నడిపించేది ఏదో తెలుసుకోవాలి. తప్పుడు పుస్తకం తెప్పించి ఏడాదంతా దానితో కుస్తీ పడితే, పిల్లకి మిగిలిన కాస్త ఇష్టం కూడా పోతుంది.

ఆమెకి తెలిసిన పద్ధతి ఒక్కటే. కొత్త కోటు కుట్టాలంటే ఖరీదైన గుడ్డ మీద నేరుగా కత్తెర పెట్టదు. పాత దుప్పటి గుడ్డతో వదులుగా నాలుగు కుట్లు వేసి, మనిషికి తొడిగి, ఎక్కడ పట్టేస్తోందో ఎక్కడ జారుతోందో చూసుకుంటుంది. పుస్తకాలకీ అంతే అనుకుంది. ఒక్కోదానికి రెండు రోజులు ట్రయల్.

లావుపాటి పుస్తకంతో మొదలైంది. అట్ట మీద నవ్వుతున్న గుడ్లగూబ, లోపల గళ్లు, గీతలు, జతపరచడాలు. ఉడుత నిటారుగా కూర్చుని, గీత దాటకుండా రాసి, పరీక్షలో అన్నిటికీ సరైన జవాబు పెట్టింది.

“ఎలా ఉందే?”

“బాగుంది అమ్మా.”

“నిజంగా?”

“నిజంగా. గుడ్లగూబ బాగుంది.”

బుధవారం సాయంత్రం కార్డులు తీశారు. ఒక్కో కార్డు మీద ఒక్కో మూలం. రెండు కార్డులు కలిపి మాట చేస్తే ఆ కార్డులు మనవి. ఉడుత వాళ్ల నాన్న అప్పుడే పని నుంచి వచ్చాడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. చేతులకి గ్రీజు వదిలీ వదలక ముందే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“ఇది చదువా? ఇది ఆటేగా! మా రోజుల్లో ఇలా ఉంటే నేనీ పాటికి ఎక్కడుండేవాణ్ణి!”

“ఎక్కడుండేవారు?” అంది టైలరమ్మ, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

“ఇక్కడే ఉండేవాణ్ణిలే. కాకపోతే ఇంగ్లీషులో ఉండేవాణ్ణి.” రెండు కార్డులు టపీమని కొట్టాడు. “సబ్, పోర్ట్. సబ్‌పోర్ట్!”

“అలాంటి మాట లేదు నాన్నా.”

“ఎందుకు లేదు? సబ్ అంటే కింద, పోర్ట్ అంటే మోసుకెళ్లడం. కిందకి మోసుకెళ్లేది. అంటే లిఫ్టు.”

“లిఫ్టు పైకి కూడా వెళ్తుందిగా?”

“ఇవాళ నేను చూసింది వెళ్లట్లేదమ్మా. అందుకే నన్ను పిలిచారు.”

ఉడుత పడీ పడీ నవ్వింది. ఆట చివరికొచ్చేసరికి మెకానిక్ గెలిచాడు. కుర్చీలోంచి లేచి, చేతులు రెండూ పైకెత్తి, గదిలో ఒక చుట్టు తిరిగాడు. టైలరమ్మ సూది పక్కన పెట్టింది. ఉడుత దగ్గర ‘ట్రాన్స్’ అన్న కార్డు ఉంది, బల్ల మీద ‘పోర్ట్’ ఉంది. అవి రెండూ కలిపితే ఏమవుతుందో పిల్లకి తెలుసు, వాళ్ల నాన్న వ్యాను మీద ఆ మాటే రాసి ఉంటుంది. అయినా ఆ కార్డు అడుక్కి తోసేసి ఊరుకుంది.

“ఇదే! ఇంకేం ఆలోచించకు, ఇదే తెప్పించు,” అన్నాడు మెకానిక్.

“మీకా, పిల్లకా?”

“ఇద్దరికీ. ఏమే ఉడుతా, బాగుంది కదూ?”

“బాగుంది నాన్నా,” అంది ఉడుత. గుడ్లగూబని బాగుందన్న గొంతుతోనే.

మూడోది సన్నటి పుస్తకం, రంగులు లేవు. పేజీ పైన ఒక మూలం, దాని అర్థం, ఒకే ఒక్క ఉదాహరణ. మిగతా పేజీ అంతా తెలుపు. ‘ఈ ముక్క ఇంకా ఎక్కడెక్కడ దొరుకుతుందో వెతికి రాయండి’ అని అడుగున చిన్న వాక్యం. ఇంట్లో దాని పేరు ఖాళీ పుస్తకం అయిపోయింది.

“తెల్లకాగితం అమ్ముతున్నారన్నమాట,” అన్నాడు మెకానిక్.

నమూనాలో రాయకూడదు గనక, టైలరమ్మ కోట్ల కొలతలు గీసుకునే గోధుమరంగు కాగితం ఒకటి చింపి ఇచ్చింది. ఉడుత పెన్సిలు పట్టుకుని ఆమె మొహంలోకి చూసింది.

“ఇక్కడేం రాయాలమ్మా?”

“నీకేది తోస్తే అది.”

“నువ్వు చెప్పు, రాస్తా.”

టైలరమ్మ చెప్పింది, ఉడుత గుండ్రంగా రాసింది. అయ్యాక మళ్లీ అదే మాట, బాగుంది అమ్మా.

“మూడింట్లో ఏది ఎక్కువ బాగుందే?”

“నీకేది బాగుంది?”

శుక్రవారానికి టైలరమ్మ దగ్గర మూడు బాగున్నాయిలు తప్ప ఇంకేం లేవు. మూడు కోట్లు తొడిగితే మూడూ ఒకేలా కుదిరాయని చెప్పే మనిషిని ఆమె ఇంతవరకూ చూడలేదు. ఎక్కడో తేడా ఉంది. ఎక్కడో అంతు పట్టలేదు.

శనివారం పొద్దున పోస్టాఫీసు ఆవిడ కొత్త ప్యాంటు కుట్టించుకోవడానికి వచ్చింది. టైలరమ్మకి ఎప్పటి నుంచో తెలిసిన సంగతి ఒకటుంది. టేపు కనిపించగానే మనిషి మారిపోతుంది. భుజాలు వెనక్కి పోతాయి, గడ్డం పైకి లేస్తుంది, ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటుంది. ఆ కొలతకి కుడితే, ఇంటికెళ్లి ఊపిరి వదిలిన క్షణాన గుండీ ఎగిరి గోడకి తగులుతుంది. అందుకని ఆమె ముందు టేపు తియ్యదు. ముందు మాట తీస్తుంది.

“మీ పిల్లి ఎలా ఉందండీ? మళ్లీ పార్సిళ్ల సంచీలో పడుకుందా?”

“దాని సంగతి చెప్పకు తల్లీ! నిన్న ఎవరిదో పార్సిలు మీద కూర్చుని లేవనంటే లేవనంది. నేను ఒక పక్క లాగుతుంటే, అటు పక్క పార్సిలాయన నా వంకా దాని వంకా చూస్తూ...” ఆవిడ నవ్వుతోంది, చేతులు తిప్పుతోంది, పొట్ట తన మానాన తను ఊగుతోంది. ఈలోగా టేపు నడుం చుట్టూ వెళ్లి వచ్చేసింది.

కాసేపటికి ఆవిడ తేరుకుని భుజాలు సర్దుకుంది. “సరే, ఇంక కొలత తీసుకో మరి. ఎలా నిలబడమంటావు?”

“అయిపోయిందండీ.”

“అయిపోయిందా! ఎప్పుడు తీశావు?”

“పిల్లి లేవనన్నప్పుడు.”

ఆవిడ వెళ్లాక టైలరమ్మ బల్ల తుడిచింది. సాయంత్రంలోగా ఇంకొక్క పాఠం చేయించి తేల్చేద్దామనుకుంది. “రా ఉడుతా, ఒక్క పాఠం.”

ఉడుత బల్ల కింద నుంచి వచ్చింది. అప్పటిదాకా గుడ్డపేలికలతో ఏదో గొణుక్కుంటూ కుస్తీ పడుతున్న పిల్ల, జుట్టు సర్దుకుంది. కుర్చీలో కూర్చుంది. వీపు నిటారుగా పెట్టింది. మోచేతులు దగ్గరికి తీసుకుంది. ఆపైన ఊపిరి బిగబట్టింది.

టైలరమ్మ చేతిలో పెన్సిలు అలాగే ఆగిపోయింది. టేపు చూసిన మనిషి ఎలా ఉంటుందో అచ్చం అలా ఉంది పిల్ల. వారం రోజులుగా తను తీసిన కొలతలన్నీ పొట్ట లోపలికి లాక్కున్న కొలతలే. గీతలంటే అత్తకి ఇష్టమని గీతల్లో రాసింది, నాన్న సంబరం చూసి నాన్నని గెలిపించింది, అమ్మ చెప్పింది అమ్మ కోసం రాసింది. ఊరందరికీ పిల్లుల కబుర్లు చెప్పి కొలతలు తీసే మనిషి, సొంత కూతురి ముందు మాత్రం టేపు చాచి పట్టుకుని నిలబడింది!

ఆమెకి నవ్వొచ్చింది. మొదట చిన్నగా, తర్వాత ఆపుకోలేనంతగా.

“ఏంటమ్మా? నేనేం చేశా?”

“నువ్వేం చెయ్యలేదే. నేనే చేశాను. పో, ఆడుకో. ఇవాళ బడి లేదు.”

“పాఠం?”

“పాఠం కూడా లేదు. రేపు కూడా లేదు.”

ఉడుత ఇది ఏ రకం ఎత్తో అర్థం కాక కాసేపు అనుమానంగా చూసి, బిగబట్టిన ఊపిరి వదిలి, బల్ల కిందకి మాయమైంది.

టైలరమ్మ మూడు పుస్తకాలూ తీసి, గుడ్డపేలికల బుట్ట పక్కన ఊరికే పడేసినట్టు పడేసింది. తను మిషను ముందు కూర్చుని పోస్టాఫీసు ఆవిడ ప్యాంటు మీద పడింది. ఆ మిషను పాతది, నడిస్తే పక్కింటివాళ్లకి కూడా తెలుస్తుంది. వినాలనిపించినప్పుడు చక్రం మీద చెయ్యి వేసి ఆపి, దారం తెగినట్టు నటించింది. ఆ మధ్యాహ్నం దారం చాలాసార్లు తెగింది.

మొదట ఏమీ లేదు. తర్వాత ఉడుత లావుపాటి పుస్తకం తీసింది. పీట మీద వేసుకుని, ఎత్తు సరిపోయిందో లేదో చూసుకుని, గుడ్లగూబ మొహం మీద కూర్చుంది. కార్డుల్లో నాలుగైదు తీసి గుడ్డబొమ్మ భుజాలకి పిన్నులతో గుచ్చింది. ఆ బొమ్మ పేరు మూగత్త. తల లేదు గనక ఏం చెప్పినా ఎదురు చెప్పదని, ఆ పేరు కూడా మెకానిక్కే పెట్టాడు. ఎందుకు పెట్టాడో టీచరత్తకి ఇంతవరకూ చెప్పలేదు.

మిషను ఆగింది.

“చూడు మూగత్తా,” అంటోంది ఉడుత, ఖాళీ పుస్తకం ఒళ్లో పెట్టుకుని. “మీటర్ అంటే కొలిచేది. ఇక్కడ థర్మామీటర్ ఒక్కటే రాశారు. పాపం, వాళ్లకి ఇంకేం తెలీదేమో. మనమే చెప్పాలి.”

గోధుమరంగు కాగితం ఒకటి చర్రున చిరిగింది. ఉడుత లేచి గుమ్మం బయటికి వెళ్లి కరెంటు మీటరు చూసి వచ్చింది. నాన్న వ్యాను అద్దంలోంచి తొంగిచూసి స్పీడోమీటర్ పట్టుకొచ్చింది. తల్లి మెడలోని టేపు కొసని కిందకి లాగి, ‘సెంటీమీటర్, ఇదుగో ఇక్కడే ఉంది దొంగ!’ అని అరిచి మళ్లీ వెళ్లిపోయింది. టైలరమ్మ వంగి కుట్టుకుంటూనే ఉంది.

“ఇంకా బోలెడు చోటుంది మూగత్తా. మనమే తయారుచేద్దాం. గుడ్డ కొలిచేది గుడ్డోమీటర్. నాన్న గురక కొలిచేది గురకోమీటర్. నీకు కోపోమీటర్... నీకొద్దులే, నీకు కోపం రాదు. అసలత్తకి పెట్టాలి.”

టైలరమ్మ నవ్వు బయటికి రాకుండా మిషను గబగబా తొక్కింది. ప్యాంటు కుట్టు వంకరపోయింది. విప్పి మళ్లీ వేసుకుంది, అయినా ఏం బాధ అనిపించలేదు.

కానీ ఆమె ఇంకా ఎవరికీ ఏం చెప్పలేదు. థర్మామీటరూ కరెంటు మీటరూ ఉడుతకి పుట్టినప్పటి నుంచి తెలిసిన మాటలు. తెలియని పొడుగు మాట ఎదురైతే? అప్పుడు కదా కోటు భుజాల దగ్గర పట్టేస్తుందో లేదో తెలిసేది.

ఆదివారం మధ్యాహ్నం టీచరత్త వచ్చింది. చేతిసంచీ బల్ల మీద పెట్టకముందే అడిగింది.

“ఏది తెప్పిస్తున్నావు?”

“ఇంకా తేల్చలేదు వదినా.”

“తేల్చలేదా! సాయంత్రమేగా గడువు? వారమంతా ఏం చేశావు?”

“కొలతలు తప్పు తీశాను.”

“ఏం కొలతలు? పుస్తకానికి కొలతలేంటి? అయ్యో రామా, మీ ఇంటికొస్తే చాలు నా బీపీ పెరుగుతుంది.” ఆవిడ సంచీలోంచి బీపీ మిషను డబ్బా తీసింది. కళ్లజోడు మర్చిపోయినా ఆ డబ్బా మాత్రం మర్చిపోదు. కుర్చీలో కూర్చుని, పట్టీ చేతికి చుట్టుకుని, వేలెత్తి అందర్నీ హెచ్చరించింది. “ఎవరూ మాట్లాడకండి.”

ఎవరూ మాట్లాడలేదు. మెకానిక్ కూడా. మిషను గుర్రుమని గాలి నింపుకుని, ఉస్సురుమని వదిలింది.

“చూశారా? చూడండి ఎంతుందో! అయినా పర్లేదులే, క్లినిక్‌లో ఇంకా ఎక్కువ చూపిస్తుంది. డాక్టర్ని చూస్తే చాలు దానంతట అదే పైకి పోతుంది. అక్కడి లెక్క పట్టించుకోవద్దు, ఇంట్లో స్థిమితంగా ఉన్నప్పుడు చూసుకోమన్నాడు ఆయనే.”

టైలరమ్మ పిన్నుల డబ్బా మూత తీస్తూ అంది, “మన ఉడుతది కూడా అంతే వదినా. వారమంతా నేను చూసింది క్లినిక్ లెక్కే.”

టీచరత్త నోరు తెరిచింది. మూసింది. ఆవిడ నోరు తెరిచి ఊరికే మూయడం మెకానిక్ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. అక్క మీద జాలేసి టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లాడు.

“మరెలా తెలుస్తుంది నీకు?” అంది చివరికి, కాస్త గొంతు తగ్గించి. “పిల్ల ఏడాది పాడైపోకూడదనే కదే నా గోల. దాన్ని నేనేమైనా పరాయిదనుకున్నానా?”

“నాకు తెలుసు వదినా. ముందు లేవండి, కోటు చూద్దాం.”

కోటు ఇంకా వదులు కుట్ల మీదే ఉంది. టైలరమ్మ దాన్ని ఆవిడకి తొడిగి, అద్దం ముందు నిలబెట్టి, చేతులు చాపించింది. చంకల కింద, భుజాల మీద, వీపు మీద పిన్నులు పెట్టింది. మిగిలిన పిన్నులు పెదవుల మధ్య పట్టుకుంది.

“కదలకండి. కదిలితే గుచ్చుకుంటాయి.”

టీచరత్త చేతులు చాపుకుని నిలబడింది. అద్దంలో వెనకున్న గదంతా కనిపిస్తోంది. మూగత్త పక్కన నేల మీద ఉడుత, చుట్టూ గోధుమరంగు కాగితాలు. డబ్బాలు కనిపిస్తే ఊరుకునే రకం కాదు గనక, అత్త బీపీ డబ్బా అప్పుడే ఒళ్లోకి చేరింది. దాని మీద బొమ్మ ఉన్న వైపు చూసింది, అంకెలున్న వైపు చూసింది. తిప్పింది. పక్కవైపు సన్న అక్షరాలతో, డబ్బా ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకే ఒక్క మాట ఉంది.

టైలరమ్మ అద్దంలో చూస్తూనే ఉంది. ఆ డబ్బా మీద ఏముందో ఆమెకి తెలియదు. కానీ పిల్ల మెడలో గుటక కదలడం మాత్రం కనిపించింది. ఎప్పటి గుటకే. ఇంక డబ్బా కింద పెట్టేస్తుంది అనుకుంది. పిన్ను పట్టుకున్న వేళ్లు టీచరత్త భుజం మీద ఆగిపోయాయి.

ఉడుత డబ్బాని కింద పెట్టింది. కాగితాల్లో ఏదో వెతికింది. డబ్బా మళ్లీ తీసింది.

“మూగత్తా,” అంది గుసగుసగా, “దీని తోక నాకు తెలుసు. తోక మీటర్.”

టీచరత్త ఏదో అనబోయింది. టైలరమ్మ నోట్లో పిన్నులతోనే తల అడ్డంగా ఊపింది.

ఉడుత బొటనవేలితో మాటంతా మూసి, తోక ఒక్కటే కనిపించేలా పెట్టింది. వేలు కాస్త వెనక్కి జరిపింది. “మనో... మనోమీటర్. మనో అంటే మనసు కదూ? మనసు కొలిచేదా? అత్త మనసు కొలుస్తుందా?” కాసేపు ఆలోచించి వేలు ఇంకా జరిపింది. “స్... స్ఫి... స్ఫిగ్... అబ్బో! స్ఫిగ్‌మో... మనో... మీటర్.” మొత్తం వేలు తీసేసి, మెట్లు దిగినట్టు ఒక్కో ముక్క మీద కాలుపెడుతూ మళ్లీ మొదటి నుంచి చదివింది. తర్వాత ఆగకుండా చదివింది. తర్వాత లేచి నిలబడి ఊరంతా వినేలా అరిచింది.

“అమ్మా! స్ఫిగ్మోమనోమీటర్! అమ్మా, ఎంత పొడుగుందో చూడు, డబ్బాలో కూడా పట్టట్లేదు!”

మెకానిక్ టీ గరిటెతోనే వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చాడు. “ఏమైంది? ఎవరికేమైంది?”

“నాన్నా, అత్త మిషను పేరు బీపీ మిషను కాదు! నువ్వు అను చూద్దాం. స్ఫిగ్మోమనోమీటర్.”

“స్పి... స్పిగ్ మామ మీటర్.”

“మామ కాదు, మనో!”

“మామ లేకుండా అత్త ఎక్కడుందే?”

టైలరమ్మ నోట్లో పిన్నులు తీసి అరచేతిలో పోసుకోవాల్సి వచ్చింది, లేకపోతే నవ్వుకి మింగేసేదే. కళ్లలో నీళ్లు తిరిగాయి. నవ్వుకో, ఇంకెందుకో ఆమె పట్టించుకోలేదు.

“అత్తా, మనో అంటే మనసేనా?” ఉడుత డబ్బాతో సహా వచ్చి అద్దానికీ అత్తకీ మధ్య దూరింది.

“కాదే. అది మన మాట. ఇది వేరే భాషది, వేరే అర్థం ఏదో ఉంటుంది.”

“ఏంటది?”

టీచరత్త డబ్బా మీదికి వంగబోయి, పిన్నులు గుర్తొచ్చి ఆగింది. “నాకూ తెలీదు,” అంది. “రోజూ రెండు పూటలా చేతికి కట్టుకుంటున్నా, పక్కకి తిప్పి చూస్తేగా! ముందున్న ముక్క కూడా ఏంటో కనుక్కోవాలి.”

“నేను కనుక్కుని రాస్తా. చోటు ఉంచా చూడు.” ఉడుత కాగితం పైకెత్తి చూపించింది. మీటరు కుటుంబం మధ్యలో కాస్త జాగా గుండ్రంగా గీసి వదిలిపెట్టింది. పక్కనే కోపోమీటర్ కూడా ఉంది. టీచరత్త కళ్లు దాని మీద ఆగాయి.

“ఇదెవరికే?”

“మూగత్తకి,” అంది ఉడుత తడుముకోకుండా.

“తల లేనిదానికి కోపమేంటి?” అంది టీచరత్త, పెదవి బిగబట్టి. కానీ అద్దంలో ఆవిడ కళ్లు నవ్వుతూనే ఉన్నాయి. “ఏ పుస్తకం చూసి చేశావిదంతా?”

ఉడుత వేలు పెట్టి చూపించింది. సన్నటిది, రంగుల్లేనిది.

“అదా? సగం తెల్లకాగితమేగా అది!”

“పెరిగే పిల్ల గౌనులో లోపల గుడ్డ వదలమా వదినా?” అంది టైలరమ్మ.

టీచరత్త అద్దంలో మరదలి వంక చూసింది. “మాటలు కూడా కుడుతున్నావే నువ్వు,” అంది. “సరే. పరీక్షలు లేవు కదా దాన్లో, ఆ సంగతి నేను చూసుకుంటా. భయపడకు, గడియారం పట్టుకుని కాదు. వచ్చినప్పుడల్లా ఒక డబ్బా తెస్తా. మా ఇంట్లో మందుల డబ్బాలకి కొదవేముంది?”

“పొడుగువి తీసుకురా అత్తా,” అంది ఉడుత. “బాగా పొడుగువి.”

వారం రోజుల్లో ఆ పిల్ల తనంతట తను ఫలానాది కావాలని అడగడం అదే మొదలు. టైలరమ్మ అక్కడే, టేపు మెడలో వేసుకునే, ఫోను తీసి గ్రూపు పెద్దావిడకి కబురు పెట్టింది. సన్నటిది, ఖాళీగా ఉండేది, ఒకటి.

“మరి కార్డులు?” అన్నాడు మెకానిక్ దిగులుగా, గరిటె పట్టుకుని.

“పుట్టినరోజుకి కొనిపెడతాలెండి.”

“ఉడుత పుట్టినరోజు చాలా దూరం ఉందోయ్.”

“మీ పుట్టినరోజుకి.”

ఉడుత అప్పటికే వంటింట్లోకి పరిగెత్తింది, డబ్బాలన్నీ తిప్పి చూడటానికి. వెనకాలే మెకానిక్, అతని వెనకాల టైలరమ్మ. గ్యాసు మీద టీ పొంగిపోయింది. లోపల నుంచి, ఇది చదువు, కాదు అది చదువు అని ముగ్గురి గొంతులూ ఒకేసారి వినిపిస్తున్నాయి. ముందుగదిలో మూగత్త, ఆవిడ పక్కన అద్దం ముందు చేతులు చాపుకున్న టీచరత్త మాత్రం మిగిలారు.

“నన్నెవరైనా విప్పుతారా?” అని కేక పెట్టింది టీచరత్త. “ఈ పొడుగు మాటల సంతలో నా చేతులు పడిపోతున్నాయర్రా!”